పద్నాలుగు ఇండ్లకు ఒక్కటే గడప

మా పందిరి ఐలమ్మ రెండు చేతులు బారగా చాపిందంటే, ఎడమ చెయ్యి ఉప్పల్ చౌరస్తాలో ట్రాఫిక్ పోలీసు టోపీకి తగులుతుంది, కుడి చెయ్యి నాచారం చెరువు అవతలి గట్టు మీద ఆరేసిన దుప్పటిని అందుకుంటుంది. ఆ చేతులతోనే ఆమె ఒకనాడు ఉప్పల్‌లో ఇంటర్నెట్టు కొస దొరకబుచ్చుకొని, బావిలోంచి బొక్కెన చేదినట్టు చేది చేది, నాచారం దాటించి, మల్లాపూర్ ఫ్యాక్టరీల వెనక ఉన్న మా గల్లీలో తెచ్చి పడేసింది. ఆ రోజు మూడు సిటీ బస్సులు రోడ్డు మీదే ఆగిపోయాయి. హబ్సిగూడ వాళ్లకు రెండు రోజులు నెట్టు రాలేదు. ఇదంతా పేపర్లో రాలేదంటే అది పేపరు వాళ్ల తప్పు, నాది కాదు.

నవ్వేవాళ్లు ముందు మా గల్లీకి వచ్చి చూడండి. మొదట్లోనే అడ్డంగా ఒక టేకు గడప ఉంటుంది. ఇంటికి గడప ఉంటుంది గానీ గల్లీకి గడప ఏమిటని అప్పుడే అడగకండి. చెప్పులు విప్పి లోపలికి రండి, చెబుతాను.

ఐలమ్మ నాకు చిన్నమ్మ. ఆ మాటకొస్తే మా గల్లీలో నాకు చుట్టం కాని మనిషి లేడు. ముప్పై ఏళ్ల కిందట మోత్కూరు దగ్గరి పల్లె నుంచి ఒక పందిరి ఆయన మల్లాపూర్‌లో వాచ్‌మన్ పనికి వచ్చాడు. ఆయన తమ్ముణ్ణి పిలిపించాడు. తమ్ముడు పెదనాయన కొడుకును పిలిపించాడు. ఆ కొడుకు ఎవరూ పిలవకుండానే వచ్చిన ఇంకో ముగ్గురికి జాగా చూపించాడు. అట్లా రేకుల ఇండ్లు ఎదురెదురుగా ఏడూ ఏడూ లేచాయి. పద్నాలుగు ఇండ్లు, పద్నాలుగింటికీ ఇంటి పేరు పందిరే. ఆ గల్లీకి మున్సిపాలిటీ ఇచ్చిన పేరు ఒకటి ఉందట, అది మున్సిపాలిటీకే తెలుసు. ఆటోవాళ్లకు మాత్రం ‘పందిరోళ్ల గల్లీ’ అంటేనే దారి తెలుస్తుంది.

చిన్నమ్మ మల్లాపూర్‌లో కరెంటు వైరు చేసే ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. మిషన్ నుంచి వచ్చిన వైరును కొలిచి చుట్టలు చుట్టడం ఆమె పని. ఒకసారి మిషన్ మీది మీటరు చెడిపోయింది. మెకానిక్కు వచ్చేదాకా పని ఆపుదామని సూపర్‌వైజరు అంటే, ఈమె “ఆపుడెందుకు?” అని రెండు చేతులు చాపి, బార తరవాత బార కొలుచుకుంటూ సాయంత్రం దాకా నలభై చుట్టలు చుట్టేసింది. మరునాడు మీటరు బాగుచేసి సరిచూస్తే నలభై చుట్టల్లో కలిపి జానెడు తేడా వచ్చింది. ఆ జానెడు కూడా మీటరు తప్పేనని నేను అంటాను. ఆమె మాత్రం “లేదురా, ముప్పై ఆరో సుట్ట కాడ నాకు తుమ్మొచ్చింది” అంటుంది.

ఆమె రోగం అదే. ఎవరైనా ఉన్నదానికి ఇంత మసాలా వేసి చెబితే ఒళ్లు మండుతుంది. “గంత పెద్ద పాము” అంటే “ఎన్ని బారలు?” అని అడుగుతుంది. నాబోటివాడు ఆమె పక్కింట్లో పుట్టడం దేవుడు చేసిన పరాచికం.

ఇక కంప్యూటర్ల సంగతి. చిన్నమ్మ మరిది హనుమాండ్లు, అంటే నాకు చిన్నాయన, నాచారంలో పాత సామాన్ల దుకాణం నడుపుతాడు. ఒక ఏడు మల్లాపూర్‌లో ఏదో ఫ్యాక్టరీ మూతపడితే అక్కడి పాత కంప్యూటర్లను తూకం మీద కొని ట్రాలీలో వేసుకొచ్చాడు. అమ్మబోతే ఎవరూ కొనలేదు. పిల్లలకు పనికొస్తాయని గల్లీలో ఇంటికొకటి పంచిపెట్టాడు. ఎడ్లబండి అంత మానిటరు, దాని మీద గుడ్డ, గుడ్డ మీద దేవుని క్యాలెండరు. దసరాకు పసుపు కుంకుమ పెట్టేవాళ్లం. మిగతా రోజుల్లో అందులో పేకాట ఆడేవాళ్లం. నెట్టు లేని కంప్యూటరు అంతకు మించి ఏం చేస్తుంది?

నెట్టు కావాలంటే నాచారం మెయిన్‌రోడ్డు మీద ఇంటర్నెట్ సెంటరుకు పోవాలి. హనుమాండ్లు చిన్నాయన బిడ్డ దీప అట్లాగే పోయింది. ఇంజనీరింగు సీట్ల కోసం కాలేజీల కోడ్‌లు వరసగా నింపే రోజులవి. వాటినే ఆప్షన్లు అంటారు. సెంటరు నిండా నలభై మంది, వెనక వరసలో ఇంకో నలభై మంది. “నువ్వు జరుగు, నేను గబగబ కొట్టేస్త” అని సెంటర్లో పనిచేసే ఒక పెద్దమనిషి దీపను లేపి తాను కూర్చున్నాడు. కోడ్‌లో ఒక్క అక్షరం తప్పు కొట్టాడు. ఘట్‌కేసర్ పక్కన రావలసిన సీటు ఖమ్మం అవతల ఎక్కడో పడింది. అంత దూరం పంపి హాస్టల్లో ఉంచే తాహతు చిన్నాయనకు లేదు. దీప ఆ ఏడు మల్లాపూర్‌లో బాటిల్ మూతల ఫ్యాక్టరీలో ప్యాకింగుకు పోయింది. ఆ సెంటరు పేరు నేను చెప్పను. ఆ టైపు కొట్టిన పెద్దమనిషి ఎవరో కూడా చెప్పను. పదో తరగతితో బడి మానేసి, వేళ్లు మాత్రం మిషన్‌లా ఆడతాయని గొప్పలు చెప్పుకునే మనిషి అని మాత్రం చెబుతాను.

దీప ఫ్యాక్టరీకి పోయిన మొదటి రోజు చిన్నమ్మ ఆ పిల్లను గేటు దాకా దిగబెట్టింది. అక్కడ నిలబెట్టి ఒక మాట చెప్పింది.

“మల్ల పరీక్ష రాయి బిడ్డా. వచ్చే యాడాది నువ్వు సెంటర్ల కూసోవు. మనింట్ల కూసొని, నీ సేతుల్తోని నువ్వే నింపుకుంటవ్. నేను జెప్తున్న.”

గొప్పలు చెప్పని మనిషి చెప్పిన మాట కదా, దీప నమ్మింది. రాత్రులు చదివి పరీక్ష మళ్లీ రాసింది. మంచి ర్యాంకే వచ్చింది.

రెండువేల పన్నెండులో ‘ఇంటింటా నెట్టు’ అని ఒక పథకం వచ్చింది. తెల్ల రేషన్ కార్డు ఉండి, చదువుకునే పిల్లలుండి, కంప్యూటరు ఉన్న ఇంటికి సర్కారు ఖర్చుతో ఇంటర్నెట్టు. మా గల్లీలో పండగే అయింది. పద్నాలుగు ఇండ్ల నుంచి పద్నాలుగు ఫారాలు. చిన్నమ్మ కూతురు సరిత పాలిటెక్నిక్ ముగించి తాను కూడా ఆ ఏడు ఆప్షన్లు పెట్టవలసినదే. ఫారాలన్నీ ఆ పిల్లే గుండ్రని అక్షరాలతో నింపింది. చిన్నమ్మ ఒకరోజు పనికి నాగా పెట్టి, అన్నీ సంచిలో పెట్టుకొని ఉప్పల్‌లో ఆ పథకం ఆఫీసుకు పోయి ఇచ్చి వచ్చింది. తనది అన్నిటికన్నా పైన ఉంది. కావాలని పెట్టింది కాదు, సరిత మొదట నింపింది తమ ఇంటిదే.

నెల తరవాత లిస్టు అంటించారని తెలిసి చిన్నమ్మ, సరిత, హనుమాండ్లు చిన్నాయన, నేను ఉప్పల్‌కు పోయాం. షాపింగ్ కాంప్లెక్సులో రెండో అంతస్తు. గోడ మీది లిస్టులో సరిత వేలు పెట్టి చదివింది. పందిరి ఐలమ్మ, మంజూరు. దాని కింద వరసగా పదమూడు పేర్లు, ప్రతి పేరు పక్కన ఒకటే మాట: ‘అదే ఇల్లు. తిరస్కరించడమైనది.’

“అదే ఇల్లు ఏంది?” అన్నాడు చిన్నాయన. “నా ఇల్లు నాది గాదా?”

కంప్యూటరు ముందు త్రివేణి అనే అమ్మాయి కూర్చుని ఉంది. పాపం ఆమె ఫారం తీసి చూపించింది. ఇంటికి ఒక్కటే కనెక్షన్ అని రూలు. ఏ ఇల్లో గుర్తుపట్టడానికి ఇంగ్లిషులో ‘హౌస్ నేమ్’ అని ఒక గడి పెట్టారు. ఆ గడిని తెలుగు చేసిన మహానుభావుడు ‘ఇంటి పేరు’ అని రాశాడు. తెలుగువాణ్ణి ఇంటి పేరు అడిగితే ఏం రాస్తాడు? పద్నాలుగు ఫారాల్లోనూ సరిత గుండ్రంగా ‘పందిరి’ అని రాసింది. కంప్యూటరు చూసింది. పందిరి, పందిరి, పందిరి. అన్నీ ఒకటే ఇల్లనుకుంది. మొదటిదాన్ని ఉంచి పదమూడింటిని కొట్టేసింది.

“మీరొక్కరే కాదు ఆంటీ,” అంది త్రివేణి మెల్లగా. “కొంతమంది ఇంటి మీద చెక్కించిన పేరు రాసిన్రు. అంబర్‌పేట్‌ల ఒకటి, రామంతాపూర్‌ల ఒకటి, బోడుప్పల్‌ల రెండు. నాలుగు సాయి నిలయాలు ఒక్కటే ఇల్లయి కూసున్నయి.”

నేను పెద్దగా నవ్వాను. ఎవరూ నవ్వలేదు. హనుమాండ్లు చిన్నాయన ముఖం ఎర్రబడింది.

“నీ పని అయిపోయింది గద వదినె,” అన్నాడు. “సంతకం పెట్టి తెచ్చుకో. అన్నిట్ల మీద నీ ఫారమే ఎందుకున్నదో ఇప్పుడు సమజైంది.”

“నోరు ముయ్యి,” అంది చిన్నమ్మ.

“ముయ్యక ఏం జేస్త? నా బిడ్డ మల్ల మూతలు లెక్కవెట్టుకుంట కూసుంటది. నీ బిడ్డ ఇంజనీరయితది.”

చిన్నమ్మ త్రివేణి వైపు తిరిగి, దీప తన ఇంటికి వచ్చి ఆప్షన్లు నింపుకోవచ్చా అని అడిగింది. త్రివేణి రూల్స్ పుస్తకం తీసి చదివింది. మంజూరైన ఇంటివాళ్లు తప్ప బయటివాళ్లు వాడితే కనెక్షన్ రద్దు. అక్కడితో ఆపాల్సింది. కానీ ఆ అమ్మాయి ఒకసారి ఆఫీసరు గది వైపు చూసి, ఏమీ ఎరగనట్టు తరవాతి లైను కూడా పైకి చదివింది.

“ఇంటి లోపల, ఎంతమంది విద్యార్థులుంటే అంతమందికీ, వాళ్లు చదువుకునే జాగా దాకా వైరు వేసే బాధ్యత పథకానిదే.”

చిన్నమ్మ ఆ లైను ఇంకోసారి చదవమంది. త్రివేణి చదివింది. చిన్నమ్మ కొంగు బిగించి ఆఫీసరు గదిలోకి నడిచింది.

ఆఫీసరు రామ్మోహనరావు గారు. చెడ్డ మనిషేం కాదు. బీరువా మీద దేవుని పటం ఉన్నందుకు తన గదిలో తానే బూట్లు విప్పి, తలుపు పక్కన జతగా పెట్టుకొని, ఒట్టి సాక్సులతో కూర్చునే మనిషి. చిన్నమ్మ ఆ బూట్లను చూసింది. తన చెప్పులు కూడా వాటి పక్కనే విడిచింది.

“సారు, మేమంత ఒక్కటే ఇల్లని రాసిన్రు. తప్పా, నిజమా?”

“అలా రాసింది కంప్యూటరమ్మా.”

“తప్పయితే దిద్దుండ్రి.”

“దిద్దే అధికారం నాకు లేదు. పైకి రాయాలి. వాళ్లు చూసి, మళ్లీ కిందికి పంపాలి. రెండు నెలలు పడుతుంది.”

“ఆప్షన్లు పన్నెండు దినాలల్ల ఉన్నయి సారు.”

“నేనేం చేయనమ్మా?”

“మరి తప్పు గాదు, నిజమే అంటే?”

“నిజమే అయితే ఇక గొడవేముంది? ఒకే ఇల్లు, ఒకే కనెక్షను. వెళ్లండి.”

“ఒక్కటే ఇల్లయితే మేమెవలం బయటోళ్లం గాదు. పద్నాలుగు మంది పిల్లలకు ఇంట్ల వైరు మీరే గుంజాలె. మీ పుస్తకంల ఉన్నది.”

రామ్మోహనరావు గారు పుస్తకం తెప్పించుకొని చదివారు. కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ చదివారు. ఆ తరవాత ఆయనకు కోపమూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

“ఏమ్మా, నన్ను ఆటపట్టిస్తున్నావా? ఇల్లంటే ఒక కప్పు ఉండాలి, ఒక గడప ఉండాలి. పద్నాలుగు కొంపలకు ఒకే కప్పు, ఒకే గడప చూపించు. నేనే వచ్చి సంతకం పెడతాను.”

“ఎప్పుడొస్తరు సారు?”

“ఏమిటి?”

“సంతకం వెట్టనీకి.”

ఆయన విసురుగా క్యాలెండరు వైపు చూసి, “బుధవారం” అన్నారు. ఆ మాట నోరు జారిందని ఆయనకు అప్పుడే తెలిసి ఉంటుంది. కానీ త్రివేణి తలుపు దగ్గర నిలబడి డైరీలో రాసేసింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో చిన్నాయన ఒక సీట్లో, చిన్నమ్మ ఇంకో సీట్లో. గల్లీలోకి రాగానే చిన్నమ్మ మొదటి ఇంటి గోడ దగ్గర నిలబడి చేతులు చాపింది. ఒక బార. రెండు బారలు. అట్లా కొలుచుకుంటూ చివరి ఇంటి దాకా పోయింది. అడ్డం కూడా కొలిచింది. అక్కడి నుంచి తిన్నగా టెంట్ హౌస్ సుబ్బులు దగ్గరికి పోయింది.

సుబ్బులు బిత్తరపోయాడు. “ఆషాఢంల పెండ్లి ఏందక్కా? ఎవల పెండ్లి?”

“పెండ్లి గాదు. పందిరి.”

“పందిరోళ్లు పందిరేసుడు ఏందక్కా, ఎందుకేస్తున్రో చెప్పరాదు?”

“నీ టెంట్లు ఆషాఢం నెల ఖాళీగనే ఉంటయి గద. బుధారం ఒక్క దినం ఇయ్యి.”

ఇచ్చాడు. ఎందుకివ్వడు? అతని కొడుకు కూడా మా గల్లీ పిల్లలతోనే చదువుతాడు. మంగళవారం సాయంత్రానికి గల్లీ ఈ కొస నుంచి ఆ కొసకు కర్రలు నాటి, ఎరుపు పసుపు నీలం బట్టలు ఒకదానితో ఒకటి కలిపి కుట్టి, ఇటు రేకుల నుంచి అటు రేకుల దాకా కప్పేశాం. విమానంలోంచి చూసిన పైలట్లు బేగంపేటకు ఫోన్ చేసి, కింద ఇంకో ఎయిర్‌పోర్టు కట్టారా అని అడిగారట. ఇది నిజం. ఎవరు చెప్పారో గుర్తు లేదు.

కప్పు అయింది. గడప కావాలి. గల్లీ వెడల్పుకు సరిపోయే గడప ఎక్కడ దొరుకుతుంది? ఆ సంగతి హనుమాండ్లు చిన్నాయనకు తెలుసు, చిన్నమ్మకూ తెలుసు. పాత ఉప్పల్‌లో ఒక పటేలు ఇల్లు కూలగొట్టి అపార్టుమెంటు లేపుతుంటే అతను కొన్న టేకు గడప ఒకటి దుకాణం వెనక గోనెపట్టా కప్పుకొని ఉంది. రెండెడ్ల బండి పట్టే పెద్ద దర్వాజాది. దాన్ని అమ్మితే వచ్చే డబ్బు మీద చిన్నాయన పెట్టుకున్న ఆశలకు లెక్క లేదు. చిన్నమ్మ పోయి అడగలేదు. అడిగితే ఇస్తాడని తెలుసు, అడగడం ఇష్టం లేదు. బుధవారం పొద్దున ఆమె వాకిలి ఊడుస్తుంటే చిన్నాయన ట్రాలీ గల్లీ మొదట్లో ఆగింది.

“వదినె, జర ఒక కొస వట్టు,” అన్నాడు.

ఆమె పట్టింది. ఇద్దరూ దించారు. చిన్నాయన కిందికి చూస్తూ, “ఆ దినం నోటికొచ్చినట్టు అన్న,” అన్నాడు.

“అన్నవ్. ఇగ జరుపు, అటు నాలుగు వేళ్లంత ఎక్కువున్నది,” అంది చిన్నమ్మ.

ఆ రోజు మల్లాపూర్‌లో ఫ్యాక్టరీలకు కరెంటు సెలవు. ఆ కాలంలో వారానికొక రోజు కరెంటు ఇచ్చేవారు కాదు, మిషన్లు నడిచేవి కావు. గల్లీలో పెద్దా చిన్నా అందరూ ఇండ్లలోనే ఉన్నారు. ఆడవాళ్లు గడపను కడిగి నిండా పసుపు రాశారు. కుంకుమ బొట్లు పెట్టారు. ముందర ముగ్గేశారు. సరిత మామిడాకులు కట్టింది. చిన్నమ్మ అందరికీ ఒకటే మాట చెప్పింది: “సారు గడప దాటేదాక ఎవ్వలు నోరు తెరవద్దు.” నా వైపు రెండుసార్లు చూసి చెప్పింది.

పదకొండు గంటలకు రామ్మోహనరావు గారి స్కూటరు వచ్చింది. వెనక సీటు మీద ఫైలు పట్టుకొని త్రివేణి. ఆయన స్కూటరుకు స్టాండు వేసి, గల్లీ మొదట్లోకి వచ్చి ఆగారు. కింద పసుపు గడప. పైన మామిడాకులు. ఆయన ముఖం గంభీరంగానే ఉంది. కానీ కాళ్లు మనిషి మాట వింటాయా? ఎడమ కాలు కుడి బూటు మడమను నొక్కింది, కుడి కాలు ఎడమ బూటును నొక్కింది. బూట్లు రెండూ జతగా పక్కకు పోయాయి. కుడి కాలు ముందు పెట్టి గడప దాటి లోపలికి వచ్చారు. కుడి సాక్సుకు చిల్లు ఉంది, బొటనవేలు తొంగిచూసింది.

“రాండ్రి సారు, కూసోండ్రి. ఛాయ్ తాగుతరా?” అంది చిన్నమ్మ.

“ఛాయ్ తరవాత. ఇల్లేదమ్మా?”

“ఏ ఇల్లు సారు?”

“అదే, ఒకే ఇల్లన్నావు కదా. ఏదీ?”

“మీ బూట్లేవి సారు?”

“గుమ్మం దగ్గర విప్పాను.”

“ఎందుకు ఇప్పిన్రు?”

“ఎందుకేమిటమ్మా, గడపకు పసుపు రాశారు. బూట్లేసుకుని ఇంట్లోకి ఎలా...”

అక్కడ ఆగిపోయారు. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ముందు నవ్వింది త్రివేణి. ఫైలు ముఖానికి అడ్డం పెట్టుకొని నవ్వింది. తరవాత పద్నాలుగు ఇండ్లు ఒకేసారి నవ్వాయి.

“గల్లీల ఎవలన్న బూట్లు ఇప్పుతరా సారు?” అంది చిన్నమ్మ, నవ్వకుండా. “ఇంట్లకొచ్చిన్రు గావట్టి ఇప్పిన్రు.”

రామ్మోహనరావు గారు తలెత్తి పైకి చూశారు. ఈ కొస నుంచి ఆ కొసకు ఒకే కప్పు. అప్పుడే ఆషాఢం జల్లు మొదలైంది, బట్ట మీద టపటపమని చప్పుడు. ఆయన మీద ఒక్క చుక్క పడలేదు. నా మీద పడ్డాయి, నేను నిలబడ్డ చోట టెంటుకు చిరుగు ఉంది.

ఆయన కుర్చీలో కూర్చుని చాలాసేపు నవ్వుకున్నారు. “పందొమ్మిదేళ్ల సర్వీసమ్మా నాది,” అన్నారు కళ్లు తుడుచుకుంటూ. “నన్ను నా కాళ్లే మోసం చేశాయి.” ఛాయ్ తాగారు. ఒక్కో ఇంటికీ పోయి పిల్లలు చదువుకునే మూల చూశారు. దీప ఇంట్లో కాసేపు ఎక్కువ నిలబడ్డారు. గోడకు ఆ పిల్ల కాలేజీల కోడ్‌లు పెద్ద అక్షరాలతో రాసి అంటించుకుంది. నిరుడు తప్పుపడ్డ కోడ్ కింద ఎర్ర గీత ఉంది. అదేమిటని ఆయన అడిగారు. దీప చెప్పింది. ఆయన త్రివేణి చేతిలోంచి ఫైలు తీసుకొని అక్కడే, ఆ పాత మానిటరు మీద పెట్టి రాశారు. త్రివేణి తరవాత మాకు చదివి వినిపించింది: ‘స్వయంగా పరిశీలించాను. కప్పు ఒకటి. గడప ఒకటి. ఇల్లు పెద్దది. పద్నాలుగు మంది విద్యార్థులకు లోపలి వైరింగు వెంటనే వేయవలెను.’

వెంటనే అంటే ఆఫీసుల్లో వెంటనే కాదు, నిజంగానే వెంటనే. శుక్రవారం వైరు వేసేవాళ్లు వచ్చారు. గల్లీ మొదట్లో స్తంభం నుంచి లైను దించి, చిన్నమ్మ ఇంట్లో డబ్బా బిగించి, అక్కడి నుంచి ఇంటింటికీ వైరు గుంజాలి. “ఎన్ని మీటర్లు పడ్తదో కొలవాలె” అని వాళ్లు టేపు తీస్తుంటే చిన్నమ్మ ఎన్ని బారలో నోటిలెక్కన చెప్పేసింది. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకొని టేపుతో కొలిచారు. తరవాత టేపు జేబులో పెట్టుకొని ఆమె వెనక నడిచారు. టెంటు తీసేశాక చూస్తే దాని జాగాలో వైర్లు, ఇటు రేకుల నుంచి అటు రేకులకు.

ఆప్షన్లు మూడు రోజులు. ఒక్క లైను మీద పద్నాలుగు కంప్యూటర్లు కదా, నెట్టు నీరసంగా నడిచింది. చిన్నమ్మ మూడు రోజులూ ఆ గడప మీద కూర్చుంది. “పాటలు సూసినోళ్ల వైరు పీకుత. సినిమా సూసినోళ్ల కంప్యూటరు పీకుత” అని గల్లీకంతా వినబడేటట్టు చెప్పింది. మొదటి రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. దీప ఏడ్పు ముఖం పెట్టింది. చిన్నమ్మ, “పోనియ్యి, రేపున్నది, ఎల్లుండున్నది. సెంటరోడు లెవ్వుమంటడా?” అంది.

రెండో రోజు దీప నింపింది. ఒక్కో అక్షరం పైకి చదువుతూ, గోడ మీది కాగితంతో సరిచూసుకుంటూ నింపింది. గంటన్నర పట్టింది. నాకు చేతులు ఊరుకోలేదు. “జర జరుగు, అయిదు నిమిషాలల్ల కొట్టేస్త” అని చెయ్యి చాచాను.

“సెయ్యి తియ్యన్నా,” అంది దీప, నా చేతి మీద ఒక్కటిచ్చి. “నిరుడు కొట్టినవ్ గద. సాలు.”

తీశాను. ఆ దెబ్బ నాకు రావలసిందే.

అంతా అయ్యాక చిన్నమ్మ వెనక నిలబడి అడిగింది. “నీ ఇష్టమొచ్చినయే నింపినవా?”

“నింపిన పెద్దమ్మా.”

“ఎవలన్న ముట్టిన్రా?”

“ఎవలు ముట్టలె.”

“గంతే,” అని చిన్నమ్మ పోయి మళ్లీ గడప మీద కూర్చుంది.

దీపకు ఘట్‌కేసర్ పక్కన సీటు వచ్చింది, మా రోడ్డు మీద ఎక్కితే తిన్నగా కాలేజీ ముందర దింపే బస్సు. సరితకు సిటీలోనే వచ్చింది. ఆ ఏడు ఆప్షన్లు పెట్టినవాళ్లు మా గల్లీలో ఏడుగురు, ఏడుగురికీ సీట్లు. హనుమాండ్లు చిన్నాయన నాచారం అంతా మిఠాయి పంచాడు. మల్లాపూర్ మిషన్ల దగ్గర పనిచేసే అమ్మల పిల్లలు ఏడుగురు, తమ ఇంట్లో కూర్చుని, తమ చేతులతో నింపుకొని, తాము కోరిన కాలేజీకి పోయారు. ఇందులో నేను కలిపింది ఏమీ లేదు.

మరుసటి ఏడు ఫారంలో ‘ఇంటి పేరు’ కొట్టేసి ‘ఇంటి నంబరు’ అని పెట్టారు. అది మా వల్లే. పాపం ఆ నాలుగు సాయి నిలయాల వాళ్లు కూడా మా దారిలోనే పోదామని, అంబర్‌పేట్ నుంచి బోడుప్పల్ దాకా ఒకే టెంటు వెయ్యమని సుబ్బులును అడిగారట. అన్ని బట్టలు లేవన్నాడట. మా గడప మాత్రం మేము తీయలేదు. కొత్తగా వచ్చేవాళ్లు కొందరు ఇప్పటికీ దాని ముందు చెప్పులు విప్పి గల్లీలోకి వట్టి కాళ్లతో వస్తారు. వద్దని మేము చెప్పం.

మొన్న జూన్ రెండున, తెలంగాణ వచ్చిన పొద్దున, గల్లీలో జెండా కట్టి పిల్లలకు లడ్డూలు పంచాం. దీపకు కాలేజీలో రెండేళ్లు నిండాయి. చిన్న పిల్లలు గడప మీద వరసగా కూర్చుని ఇది ఎందుకుందని నన్ను అడిగారు. నేను మొదటి నుంచి మొదలుపెట్టాను. చిన్నమ్మ చేతులు చాపడం, ఉప్పల్‌లో నెట్టు కొస పట్టుకోవడం, బస్సులు ఆగడం, హబ్సిగూడ గోల. పిల్లలు నోళ్లు తెరిచి వింటున్నారు. చిన్నమ్మ వెనక బట్టలు ఆరేస్తోందని నేను చూసుకోలేదు. తడి చీర దులిపి తీగ మీద వేస్తూ, అటే తిరిగి చెప్పింది:

“ఉప్పల్ నుంచి ఎవలు తెచ్చిన్రురా? గల్లీ మొదట్ల స్తంభం నుంచే. నూట పన్నెండు బారలు వట్టింది. మూడు బారలు మిగిలితే గిదో, గీ తీగ కట్టుకున్న.”